జగన్నాథం యాత్రలో వెనక మనిషి

మా ఉద్దానంలో పూరీ అని ఎవరూ అనరు. జగన్నాథం అంటారు. దేవుడి పేరూ అదే, ఊరి పేరూ అదే. అక్కడికి ఆడవాళ్ళను గుంపుగా తీసుకువెళ్ళి, ఊరంతా చూపించి, తిరిగి ఎవరి గడపలో వాళ్ళను దింపడం నా పని. మొగుడు పోయిన మరుసటేడు మొదలుపెట్టాను. మోకాళ్ళు ఒప్పుకున్నంత కాలం చేశాను. గుంపుల్లో అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది, అది ఇక బాగుపడదు. నాకు అక్షరాలు కూడబలుక్కోవడం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా ఊరి బడిపంతులు గారి భార్య రాస్తున్నారు. నా మాటను కాస్త దువ్వి రాస్తానన్నారు. దువ్వమన్నాను. ఎదుటివాళ్ళ మాటలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు రాయమన్నాను.

ఈ పనిలోకి ఇప్పుడు చిన్నపిల్లలు వస్తున్నారు. వాళ్ళ కోసం చెబుతున్నాను. ఎన్ని గుంపులు తీసుకెళ్ళాను, ఏ పెద్దింటివాళ్ళు చీర పెట్టారు, ఇవన్నీ చెప్పుకుంటే నాకు బాగుంటుంది, మీకు పనికిరావు. ఒక యాత్ర సంగతి పూర్తిగా చెబుతాను. నేర్చుకోవలసినవి చాలావరకు అందులోనే ఉన్నాయి. నాకు ఇప్పటికీ అర్థం కానిది కూడా అందులోనే ఉంది.

కొంగుముడి

నాకు పని నేర్పింది గవరమ్మ. మా అమ్మకు వరసకు చెల్లెలు, నేను పిన్నీ అనేదాన్ని. ఎప్పుడూ వక్క నములుతూ ఉండేది. పలాస స్టేషన్లో ఆమె నోరు తెరిస్తే బండి తోలేవాళ్ళు కూడా పక్కకు తప్పుకునేవారు. ఒరియా సంతల్లో బేరమాడేటంత వచ్చు. ఆ కాలంలో మా వైపు ఆడవాళ్ళలో అది పెద్ద విద్య.

ఆమె పద్ధతి ఒకటుంది. గుడి దగ్గర జనంలోకి దిగే ముందు ఆడవాళ్ళందరినీ వరసగా నిలబెట్టేది. ప్రతి మనిషీ తన కొంగును ముందున్న మనిషి నడుం దగ్గర దోపిన చెంగుకు ముడి వేయాలి. అందరికన్నా ముందు గవరమ్మ. అందరికన్నా వెనక నేను. నా కొంగు ముందు మనిషికి ఉంటుంది. నా నడుముకు ఎవరూ ఉండరు. వెనక మనిషి పని అదే. ఆమె వెనక ఎవరూ ఉండకూడదు. ఆమె కన్నా వెనక ఎవరైనా ఉన్నారంటే మన మనిషి తప్పిపోయిందన్నమాట.

ఈ పద్ధతిలో మంచి ఉంది. చెడ్డ కూడా ఉంది, గవరమ్మ ముందు అనలేదు గాని ఇప్పుడు అంటాను. ముడి వేసుకున్న మనిషికి ముందు మనిషి తప్ప ఇంకేమీ కనిపించదు. మా గుంపులో దాలమ్మ అని ఒకామె ఉండేది. నోటి దురుసు. మొదటిసారి దర్శనం చేసుకుని బయటికొచ్చాక గవరమ్మ ఆమెను, "ఏమే, దేవుణ్ణి తనివితీరా సూసినావా?" అని అడిగింది.

"జగన్నాథుణ్ణి సూసేనో నేదో గాని పిన్నీ, నా ముందు పోలమ్మ మెడ మీద పులిపిరి మాత్రం తనివితీరా సూసేను," అంది దాలమ్మ.

గవరమ్మ కోప్పడింది. అయినా ఆ మాట నిజం. ఒక్క పూటలో ఊరంతా చూపించేయాలని గవరమ్మకు ఆత్రం. గుడి, గుండిచా ఇల్లు, నరేంద్ర చెరువు, లోకనాథుడు, సముద్రం, అన్నీ ఒకదాని వెంట ఒకటి. ఇంటికొచ్చిన ఆడవాళ్ళకు ఏది ఎక్కడుందో గుర్తుండేది కాదు. కాళ్ళ నొప్పులు గుర్తుండేవి.

ఊరు చూపించడం

నేను ముందు మనిషినయ్యాక ఇలా చేశాను. మీరూ ఇలా చేయండి.

రైలు దిగగానే గుడికి పరిగెత్తకండి. మనిషి దిగినా మనసు ఇంకా బండిలోనే ఊగుతుంటుంది. ముందు బసలో సామాను పెట్టించండి, స్నానాలు చేయించండి. తర్వాత పెద్ద వీధిలో ఓ పక్కన కూర్చోబెట్టి, దూరం నుంచి శిఖరాన్ని చూడమనండి. సాయంత్రమైతే ఇంకా మంచిది. జెండా మార్చేందుకు ఒక మనిషి ఏ ఆసరా లేకుండా ఆ శిఖరం మీదికి పాకుతూ వెళతాడు. మా ఊళ్ళో కొబ్బరిచెట్లెక్కేవాళ్ళ పెళ్ళాలు ఉంటారు కదా, వాళ్ళు ఊపిరి బిగబట్టి చూస్తారు. ఎక్కడం ఎంత కష్టమో వాళ్ళకు తెలుసు. గుడి అంటే ఏమిటో వాళ్ళకు అక్కడే సగం తెలిసిపోతుంది.

లోపలికి వెళ్ళే ముందు కాసేపు కళ్ళు మూసుకుని నిలబడమనండి. గర్భగుడి చీకటి. ఎండలోంచి నేరుగా వెళ్ళినవాళ్ళకు ఏమీ కనిపించదు, అక్కడి పూజారి పండా బెత్తంతో తల మీద తట్టి పంపేస్తాడు, అంతే. కాసేపు కళ్ళు మూసి తెరిచి వెళ్ళినవాళ్ళకు ముందు ఆ గుండ్రటి కళ్ళు కనిపిస్తాయి. మొహం కన్నా ముందు కళ్ళు. అవి రెప్ప వెయ్యవు. కొందరు ఆడవాళ్ళు అక్కడ ఏడుస్తారు. ఎందుకని అడగకండి.

ప్రసాదం గుడి ఆవరణలోని ఆనందబజారులో తినిపించండి. ఏ కులమని ఎవరూ అడగని చోటు అది ఒక్కటే. ఊళ్ళో పక్కపక్కన కూర్చోవడానికే ఒప్పుకోని ఆడవాళ్ళు అక్కడ ఒకే కుండలో చెయ్యి పెడతారు. దాన్ని తొందరపెట్టి పాడుచేయకండి.

ఇంకొక సంగతి. సింహద్వారం దాటి ఒక్క అడుగు లోపల పెట్టగానే సముద్రం చప్పుడు ఆగిపోతుంది. బయటికి ఒక్క అడుగు వేస్తే మళ్ళీ వినిపిస్తుంది. అందరూ చెప్పే మాటే ఇది. మిగతా ఊళ్ళవాళ్ళకు అది వింత. మాకు వింత కాదు, భయం. మేము పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడులోనే ఉన్నాం. నిద్రలో కూడా అది ఆగదు. అది ఆగినచోట మా ఆడవాళ్ళు ఒక్క క్షణం తాము ఉన్నామో లేమో అన్నట్టు తమ చేతులు తామే చూసుకుంటారు. వెనక మనిషి ఆ క్షణంలో జాగ్రత్తగా ఉండాలి. ముడులు ఊడేది అక్కడే.

నా నడుముకు ముడి

నేను పనిలో చేరి అప్పటికి కొన్నేళ్ళయింది. రథాల సందడి లేని రోజులు. జనం పలచగానే ఉన్నారు. దర్శనం అయింది, ముడులు వేసుకుని బయటికి వస్తున్నాం. సింహద్వారం దాటి వీధిలో అడుగు పెట్టాను. సముద్రం చప్పుడు మళ్ళీ చెవుల్లో పడింది. అప్పుడే నా నడుము వెనక్కి లాగినట్టయింది.

ఎవరి కాలి కిందో నా చెంగు పడిందనుకున్నాను. చెయ్యి వెనక్కి పెట్టి తడిమాను. ముడి తగిలింది. మేము వేసే ముడే, రెండు మెలికలది. నా చెంగుకు ఇంకెవరిదో కొంగు కట్టి ఉంది. ఆ కొంగు తడిగా ఉంది.

వెనక్కి తిరిగి చూశాను. ఒక ఆడమనిషి నిలబడి ఉంది. వయసులో ఉన్న మనిషే. చేతికి గాజులు, నుదుట బొట్టు. జుట్టులో ఇసుక. మా వైపు కట్టు కట్టుకుంది. నన్ను చూసి, ఆగిపోయావేం అన్నట్టు గడ్డం ఎగరేసింది.

"ఎవులమ్మా నువ్వు?" అన్నాను.

"నడు నడు, ముందోలు ఎల్లిపోతన్నారు," అంది.

నేను గొంతెత్తి గవరమ్మను పిలిచాను. ముడులతోనే గుంపంతా చుట్ట చుట్టుకున్నట్టు వెనక్కి తిరిగింది. గవరమ్మ వచ్చింది. ముందుగా ఆ మనిషిని చూసింది. ముడిని చూసింది. మళ్ళీ మనిషిని చూసింది. నోట్లో వక్క నమలడం ఆపేసింది.

"ఏటి పిన్నీ, అలా సూత్తావు? నాను లచ్చమ్మని. కూర్మయ్య పెళ్ళాన్ని," అంది ఆమె. "ఇందాక జనంలో ముడి ఊడిపోనాది. మళ్ళీ యేసుకున్నాను."

ఇందాక అంది. నాకేమీ అర్థం కాలేదు. ఆమె మా గుంపుతో రైలెక్కిన మనిషి కాదు. గవరమ్మ నన్ను పక్కకు రమ్మంది. రావడానికి లేదు, ముడి ఉంది. చివరికి నా చెవిలో చెప్పింది. ఆ లచ్చమ్మ చచ్చిపోయిన మనిషి అంది.

చాలిగలా

అంతకు మూడు రథయాత్రల కిందట గవరమ్మ గుంపులో లచ్చమ్మ ఉంది. ఆ ఏడు నేను జ్వరంతో ఇంట్లో పడుకున్నాను, వెళ్ళలేదు. అందుకే నాకు ఆమె మొహం తెలియదు. పాలు తాగే బిడ్డను అత్త దగ్గర వదిలి, మొక్కు తీర్చుకోవడానికి వచ్చిందట. జగన్నాథంలో గత్తర తగిలింది. వాంతులు, బేదులు. రోగులను ఉంచే ఒక పాకలో పడుకోబెట్టి, గుంపును చూసుకోవడానికి గవరమ్మ బసకు వచ్చింది. మర్నాడు వెళితే చాప ఖాళీగా ఉంది.

"పాకకాడ ఒక మనిసి ఉన్నాడు. అడిగినాను," అంది గవరమ్మ.

"ఆడేటన్నాడు?"

"చాలిగలా అన్నాడు."

"అంటే ఏటి?"

"పోనాది అని."

"పోనాది అంటే సచ్చిపోనాదనా, ఎక్కడికో ఎల్లిపోనాదనా?"

గవరమ్మ నా వైపు చూసింది. నేనేదో బూతుమాట అన్నట్టు చూసింది. తర్వాత ఆమె కళ్ళల్లో ఏదో కదిలింది. ఆ మాటను అప్పుడు మొదటిసారి ఆమె తిప్పి చూసిందనుకుంటాను.

ఆ ఒరియా మాట రెండిటికీ పనికొస్తుంది. లేచి నడిచి వెళ్ళినా అంటారు, ప్రాణం పోయినా అంటారు. మనం పోయింది అనడం లేదా, అలాగే. మా వైపువాళ్ళకు మనిషి గురించి పోనాది అంటే ఒక్కటే అర్థం. గవరమ్మ దాన్ని మోసుకుని ఊరికి వచ్చి, కూర్మయ్య వాకిట్లో నిలబడి చెప్పింది. వాళ్ళు పదిరోజులూ చేశారు. పిండం పెట్టారు. ఏడాది తిరక్కుండా కూర్మయ్య మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు.

పిల్లలూ, ఈ పనిలో ఉన్నవాళ్ళు నేర్చుకోవలసిన మాట ఇది. పరాయి ఊళ్ళో ఎవరైనా మీ మనిషి వెళ్ళిపోయింది అంటే, ఎలా వెళ్ళిందో అడగండి. తన కాళ్ళ మీదా, నలుగురి భుజాల మీదా అని అడగండి. అడగడానికి నోరు రాదు. అయినా అడగండి. గవరమ్మ మంచిది కాదని నేను అనను. ఆమెకు ఇంకా గుంపంతా ఉంది, రోగం అంటుకుంటుందని భయం ఉంది, రైలుకు వేళ అవుతోంది. తొందరలో ఉన్న మనిషికి మొదటి అర్థమే చాలనిపిస్తుంది.

అయితే ఆ రోజు వీధిలో నిలబడ్డప్పుడు నాకు ఈ తెలివి లేదు. గవరమ్మకూ లేదు. ఆమె నడుముకున్న చిన్న కత్తి తీసింది. "కొంగు కోసీ," అంది నాతో. "ఎనక్కి సూడకుండా నడు."

నేను కత్తి తీసుకోలేదు. నాకు ధైర్యం ఉండి కాదు. కాని మా పని ఏమిటో గవరమ్మే నేర్పింది కదా. ఏ ఇంటి నుంచి తీసుకొస్తే ఆ ఇంట్లో దింపాలి. ఈమెను దింపలేదు.

"పిన్నీ, సచ్చినదో బతికినదో నాకు తెల్దు," అన్నాను. "మన గుంపు మనిసి. ముడి నా నడుముకున్నాది. నాను ఇప్పను, కొయ్యను."

"ఊరిలో నన్ను ఏటంటారే?"

"ఏటన్నా అనీమను. ఆ మనిసి ఇంటికెల్లాల."

దాలమ్మ అంతా వింటోంది. ఆనందబజారులో కొనుక్కున్న ప్రసాదం కుండను లచ్చమ్మ ముందు పెట్టింది. తింటే మనిషి, తినకపోతే కాదు, అదీ దాలమ్మ లెక్క. అందరం చూస్తున్నాం. లచ్చమ్మ మెతుకులు చేతిలోకి తీసుకుంది. కళ్ళకు అద్దుకుంది. మళ్ళీ కొంగు చివర మూట కట్టుకుంది.

"నా గుంటకి పట్టుకెల్తాను," అంది బిడ్డను తలుచుకుని.

దాలమ్మ నా వైపు చూసింది. నేను దాలమ్మ వైపు చూశాను. తిన్నట్టా, తిననట్టా, మాకు తేలలేదు.

కిటికీ పక్కన

మర్నాడు తిరుగు ప్రయాణం. ఆమె కూడా వచ్చింది. స్టేషన్లో ఆమెకూ టిక్కెట్టు తీశాను. టిక్కెట్ల బాబు తలెత్తి చూడలేదు, వాళ్ళెప్పుడూ చూడరు. కుర్దా రోడ్డులో బండి మారాం. లచ్చమ్మ కిటికీ పక్కన కూర్చుంది. మూడో తరగతి పెట్టెలో మనుషులు ఒకరి మీద ఒకరు పడి కూర్చుంటారు. ఆమె పక్కన మాత్రం మనిషి పట్టేంత ఖాళీ ఉండిపోయింది. ఎవరూ జరగమని అనలేదు. ఎవరూ అక్కడ కూర్చోలేదు. చివరికి నేను కూర్చున్నాను.

బండి చిలికా సరస్సు పక్కగా పోతోంది. నీళ్ళ మీద ఎండ. లచ్చమ్మ నన్ను అక్కను పిలిచినట్టు అప్పా అంటూ మామూలుగా మాట్లాడింది. ఆ మాటలకే నాకు భయం వేసింది.

"మా ఆవు ఈనిందంటావా అప్పా? నాను బయల్దేరినప్పుడు రేపో మాపో అన్నట్టున్నాది."

"ఈనే ఉంటాది," అన్నాను.

"మా అత్త సూసుకుంటాదిలే. పనసకాయలు ఇంకా దింపి ఉండరు. వొచ్చీవారం దింపుతామన్నారు."

మూడేళ్ళ కిందటి పనసకాయలు. ఆమె ఎక్కడుంది, ఏం తింది, ఎవరు చూసుకున్నారు, అన్నీ నెమ్మదిగా అడిగాను. పాకలో దాహం వేసిందంది. లేచిందంది. గుంపు కోసం గుడికి వెళ్ళిందంది. గుడిలో సముద్రం చప్పుడు ఆగిపోయిందంది. బయటికి వచ్చేసరికి నా నడుం కనిపించిందంది. మధ్యలో ఇంకేమీ లేదు. ఆమెకు ఆ మూడేళ్ళూ ఒక్క పూట.

తర్వాత ఆమె పైట మీద చెయ్యి పెట్టుకుని మొహం చిట్లించింది. "బిడ్డ తాగి రెండు రోజులైపోనాది గదా. రాళ్ళలాగ గట్టిపడిపోనాయి," అంది.

అప్పుడు నాకు తెలిసింది. ముందు రోజు నా నడుముకు కట్టిన కొంగు తడి నీళ్ళ తడి కాదు. పైట ముందంతా తడిసి ఉంది. పాల వాసన. నేను బిడ్డలను కన్నదాన్ని, ఆ వాసన విషయంలో పొరబడను.

ఎదురుగా కూర్చున్న పోలమ్మ జపం మొదలుపెట్టింది. దాలమ్మ ఆమె మోచేతిని పొడిచి, "ఒసే, సచ్చినోళ్ళకి పాలు పడతాయేటి?" అని గుసగుసగా అడిగింది.

"బతికినోళ్ళకి మాత్రం మూడేళ్ళు నిలబడతాయేటి?" అంది పోలమ్మ.

గవరమ్మ పెట్టె అవతలి చివర గోడకు తల ఆనించుకుని కూర్చుంది. పలాస వచ్చేదాకా కదల్లేదు. ఆ యాత్ర తర్వాత ఆమె ఎప్పుడూ గుంపుకు ముందు నడవలేదు. నన్ను ముందుకు పంపి, తాను వెనక మనిషి పని తీసుకుంది.

పలాసలో ఎడ్లబండ్లు కట్టించాం. లచ్చమ్మ ఎక్కేటప్పుడు ఎడ్లు బెదురుతాయేమోనని అందరూ కళ్ళప్పగించి చూశారు. అవి నెమరు వేస్తూ నిలబడ్డాయి. మందస దారి వదిలి మా ఇసకదారిలోకి మళ్ళాం. రెండు పక్కలా మొగలిపొదలు. గవరమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ముందు నాను ఎల్లి సెప్తాను," అంది. "సచ్చిపోనాదని సెప్పింది నానే గదా."

కూర్మయ్య ఇంట్లో

ఎండ ఇంకా తగ్గలేదు. కూర్మయ్య వాకిట్లో గునపానికి కొబ్బరికాయలు వలుస్తున్నాడు. చిక్కిపోయి ఉన్నాడు. ఇంట్లోంచి పసిబిడ్డ ఏడుపు వినిపిస్తోంది. గట్టి ఏడుపు కాదు. ఏడ్చి ఏడ్చి ఓపిక అయిపోయాక వచ్చే సన్నటి చప్పుడు. రెండో పెళ్ళాం చిట్టెమ్మ నీళ్ళాడిందని, పురిటి జ్వరంలో పాలు ఎండిపోయాయని, మేకపాలు పోస్తే బిడ్డ కక్కేస్తోందని మాకు తర్వాత తెలిసింది. ఊళ్ళో చంటిపిల్లల తల్లి ఇంకొకతె లేదు.

గవరమ్మ వాకిట్లో నిలబడింది. నోట్లో వక్క పక్కకు ఉమ్మేసింది.

"కూర్మా, లచ్చమ్మ పోనాదన్నాను గదా. నాకు సరిగ్గా తెల్దు. తీసుకొచ్చినాను."

కూర్మయ్య కాయ కింద పెట్టాడు. వీధిలో నా పక్కన నిలబడ్డ మనిషిని చూశాడు.

"పిన్నీ," అన్నాడు చివరికి. "దాని పిండం నా సేత్తో పెట్టినాను. కాకి ముట్టింది. ఇప్పుడు ఇది ఎవులని నాను అనుకోవాల?"

అతను చెడ్డవాడు కాదు. ముందుకు రాలేడు, పొమ్మనలేడు. అతని తల్లి అరుగు మీదికి వచ్చి, చూసి, గడపకు అడ్డంగా చేతులు రెండూ చాపి నిలబడింది. పక్క ఇళ్ళవాళ్ళు తలుపులు వేసుకున్నారు. ఆ క్షణంలో నాకు ఒక్కటే తెలుసు. వాళ్ళు ఇక్కడ నుంచి తిప్పి పంపేస్తే ఆమె వెళ్ళడానికి ఎక్కడా చోటు లేదు. బతికినవాళ్ళలోనూ లేదు, చచ్చినవాళ్ళలోనూ లేదు.

లచ్చమ్మ ఇవేమీ వినడం లేదు. ఆమె చెవి ఆ ఏడుపు మీద ఉంది.

"అయ్యో, ఆకలేస్తన్నాది దానికి," అంది. నడిచింది.

అరుగు చివర స్తంభం పట్టుకుని నాలుగేళ్ళ ఆడపిల్ల నిలబడి ఉంది. చింపిరి జుట్టు, చేతిలో కొబ్బరిపీచు. పేరు పైడి. లచ్చమ్మ కన్న బిడ్డ అదే. లచ్చమ్మ దాని పక్కనుంచే వెళ్ళింది. దాని వైపు చూడలేదు. ఆమె వెతుకుతున్న బిడ్డ పాలు తాగే బిడ్డ.

అత్త చేతులు చాపే ఉంది. లచ్చమ్మ ఆ చెయ్యి కిందుగా, రోజూ వెళ్ళే మనిషిలాగ, తల వంచి లోపలికి వెళ్ళింది. అత్త చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది.

గవరమ్మా నేనూ వెనకే గడప దాకా వెళ్ళాం. లోపల నులకమంచం మీద చిట్టెమ్మ పడుకుని ఉంది. పట్టుమని ఇరవయ్యేళ్ళు ఉండవు. కళ్ళు లోపలికి పోయాయి. లచ్చమ్మ ఉయ్యాలలోంచి బిడ్డను తీసుకుంది, గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది, పైట తీసింది. ఏడుపు ఆగిపోయింది.

మాకందరికీ బిడ్డ మింగే చప్పుడు వినిపిస్తోంది. గుటక, గుటక. మధ్యలో ఊపిరి. మళ్ళీ గుటక.

అప్పటికి అత్త తేరుకుంది. "ఒరే కూర్మా, దాని సేతిలోంచి గుంటడ్ని లాగీరా," అంది. "ఆ పాలు ఏటి పాలో."

కూర్మయ్య లోపలికి వచ్చాడు. వంగాడు. చేతులు చాపాడు. లచ్చమ్మ తలెత్తి అతన్ని చూసి, "కాళ్ళు కడుక్కోకుండా బిడ్డని ముట్టుకోకు," అంది. అతను అలాగే నిలబడిపోయాడు.

మంచం మీద చిట్టెమ్మ కదిలింది. మోచేతి మీద లేచింది. వాకిట్లో మాటలు విన్నదేమో, వచ్చింది ఎవరో ఆమెకు తెలుసని చిట్టెమ్మ మొహం చూస్తేనే నాకు తెలిసింది. ఆ ఇంట్లో చచ్చిపోయిన సవతి పేరుతో దీపం పెట్టేది ఆమే మరి.

"తాగతన్నాడా?" అని అడిగింది.

"తాగతన్నాడమ్మా," అన్నాను నేను.

చిట్టెమ్మ కాసేపు ఆ చప్పుడు విన్నది. మొగుడి వైపు చూసింది. అత్త వైపు చూసింది. తర్వాత గుమ్మం దగ్గర స్తంభం చాటునుంచి తొంగి చూస్తున్న పిల్లను పిలిచింది.

"పైడీ, అమ్మకి చెంబుతో మంచినీళ్ళు తే."

పిల్ల లోపలికి వచ్చింది. మంచం మీద ఉన్న మనిషిని చూసింది. గోడ దగ్గర కూర్చున్న మనిషిని చూసింది.

"నీకా?" అంది.

"నాకు గాదు," అంది చిట్టెమ్మ.